మా నావ కట్టుకున్న చోటు

మా అక్క కొడుకు ఇంగ్లండులో ఉంటాడు. పోయిన ఏడు ఒక సన్నటి పొడుగాటి పడవ కొనుక్కున్నాడు, కాలువల మీద ఇల్లులాగా వాడుకునేది. ఫోటో పంపి, "మామా, మరీనాలో పెడితే కిరాయి చాలా ఎక్కువ. ఒడ్డున కట్టుకుంటున్నా" అన్నాడు. మరీనా అంటే పడవల పార్కింగ్ అనుకోండి. కట్టిన గట్టు, నంబరేసిన చోటు, కరెంటు, కాపలా, నెల నెలా బిల్లు. అదేం వద్దనుకున్నవాళ్ళకి అక్కడ 1995 నాటి చట్టం ఒకటుంది. పడవకి సొంత చోటు లేకపోతే 14 రోజులకు మించి ఒకే చోట కట్టి ఉంచరాదు, కదులుతూ ఉండాలి. వాడు రెండు వారాలకోసారి మోకు విప్పి ముందుకు పోతున్నాడట.

అది చదివినప్పుడు మా నాయనమ్మ మాట గుర్తుకొచ్చింది. "మనకూ గంగలో నావ ఉండేది. నావాడి సోయి లేక పోగొట్టిండు." ఈ మాట మా ఇంట్లో మూడు తరాలుగా ఇట్లాగే చెప్పుకుంటున్నాం. ఇన్నేళ్ళకి పాత దస్తరాలు దింపి చూస్తే వేరే కథ కనపడింది. అందుకే ఈ వ్యాసం.

ముందు మన ఊరి గురించి రెండు మాటలు. బయట పుట్టి పెరిగిన మన పిల్లలు "నాందేడ్‌లో తెలుగువాళ్ళెట్లా?" అని అడుగుతుంటారు. అడ్డదిడ్డంగా గీసిన గీతలు చూసి అడిగే ప్రశ్న అది. 1636లో షాజహాను కాలంలో దక్కనును నాలుగు సుబాలుగా విడగొట్టినప్పుడు అందులో ఒకదాని పేరు తెలంగాణా, దాని ముఖ్యపట్టణం నాందేడ్. తర్వాత నిజాము రాజ్యం. 1956 నవంబరు 1న బొంబాయి రాష్ట్రంలో కలిసినాం, 1960 మే 1న మహారాష్ట్ర అయినాం. మనవాళ్ళు కదల్లేదు, గీత కదిలింది. ఇంటిపేరు చివరి 'వారు' అరిగి 'వార్' అయింది, అంతే. ధర్మాబాద్, బిలోలి, దేగ్లూర్ వైపు పోతే ఇవాళ్టికీ బజారులో తెలుగు వినపడుతుంది.

మాటల్లో కూడా అట్లాగే కలిసిపోయినాం. రాజమండ్రి బంధువులు గోదావరి అంటారు, మాకు అది గంగ. ఇక్కడి మరాఠీవాళ్ళకూ గంగే, ఎగువన గంగాఖేడ్ అని ఊరే ఉంది. పడవ అనే మాట మా ఇంట్లో పోయింది, నావ మిగిలింది. పడవ నడిపేవాడు నావాడి, అది మరాఠీ. కానీ పడవ కట్టే తాడును మాత్రం మోకు అనే అన్నారు, దస్తరంలో అట్లాగే ఉంది. ఇంకొకటి చెప్పనా? లంగరు అనే మాట. మనకు లంగరంటే పడవను ఆపే ఇనుప కొక్కెం. గురుద్వారాలో లంగర్ అంటే అందరికీ పెట్టే అన్నం. రెండూ ఒకటే పారసీ మాట. పడవ నిలిచే చోటూ, మనిషి ఆగి తినే చోటూ ఒకే మాట కింద ఉండటం మా ఊళ్ళో పుట్టినవాళ్ళకు వింతగా అనిపించదు. నగీనా ఘాట్ మెట్ల మీద కూర్చుంటే రెండూ ఒకేసారి అర్థమవుతాయి. గురు గోబింద్ సింగ్ 1708లో ఇక్కడే ఉన్నారు, ఇక్కడే తనువు చాలించారు. ఆయన ఒక విలువైన నగీనాను నదిలోకి విసిరేశారని, అందుకే ఆ ఘాట్‌కు ఆ పేరని చెబుతారు. ఆ పక్కనే బందా ఘాట్. బందా బహదూర్ అంతకుముందు మాధోదాస్ అనే బైరాగిగా నాందేడ్‌లో గంగ ఒడ్డునే ఆశ్రమం పెట్టుకుని ఉండేవాడు.

సరే, నావకు వద్దాం. కోస్తా వాళ్ళకు పడవ అంటే తెరచాప, సరంగు, కళాసీలు, ధాన్యం బస్తాలు. 1847లో మొదలై 1852కు పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట తర్వాత కాలువలన్నీ పడవల దారులే. మా దగ్గర అట్లాంటిది ఎప్పుడూ లేదు. కాటన్ దొర కాలంలో గోదావరి మీద పైదాకా పడవలు నడపాలని పెద్ద ఆలోచన ఒకటి జరిగింది. హేగ్ అనే ఇంజనీరు దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, లాకులు కట్టించాడు. దారిలో మూడు చోట్ల రాతి అడ్డంకులు, జ్వరాలు, ఖర్చు. చివరికి 1871లో పని ఆపేశారు. ఆ ఆలోచన కాగితం మీద పూర్తయి ఉన్నా మా ఊరికి రాకపోయేది. వాళ్ళకు కావలసింది బేరారు పత్తి. అందుకని ఆ దారి కాళేశ్వరం దగ్గర ప్రాణహితలోకి మళ్ళి ఉత్తరానికి పోతుంది. మా వైపు గంగను ఎవరూ పట్టించుకోలేదు. 1900 ప్రాంతంలో హైదరాబాదు నుంచి మన్మాడ్ దాకా మీటరుగేజి రైలు పడింది, బాసర దగ్గర గంగను దాటి నాందేడ్ మీదుగా పోతుంది. పత్తి రైలెక్కింది. ఇక పొడుగు ప్రయాణానికి పడవతో పనేముంది?

మిగిలింది అడ్డంగా దాటటం. ఊరు గంగకు ఉత్తరాన, కౌఠా వైపు పొలాలు దక్షిణాన. ఇవాళ సిడ్కో, హడ్కో అని కాలనీలు నిండిపోయిన ఆ వైపే మా ముత్తాతకు భూమి ఉండేది. ఎండాకాలం ఎడ్లబండి నీళ్ళలోంచే పోయేది. వానాకాలం నాలుగు నెలలు, ఆ తర్వాత ఇంకో రెండు నెలలు నావ కావాలి. రేవులో అందరినీ దాటించే నావ గుత్తకు ఇచ్చేవాళ్ళు. వేలంలో పాడుకున్నవాడు ఏడాదంతా రేవు మీద డబ్బు వసూలు చేసుకుంటాడు. మనిషికింత, గొడ్డుకింత, బస్తాకింత. మా ముత్తాతకు బస్తాల లెక్క నచ్చలేదు. సొంత నావ చేయించుకున్నాడు.

దస్తరం సంగతి చెప్పాలి. ఎర్రగుడ్డ చుట్టిన పొడుగు పుస్తకాలు, తెలుగు అక్షరాల్లో రాసినవి, మధ్య మధ్య మోడీ లిపిలో మరాఠీ. సంవత్సరాలు ఫసలీలో ఉంటాయి. మీ ఇళ్ళలో అట్లాంటివి ఉంటే 590 కలపండి, ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. నావ ఖాతా విడిగా ఉంది. కిన్వట్ వైపు నుంచి టేకు దుంగలు. వడ్రంగి కూలి. గుగ్గిలం, ఆముదం, పాత దూది (పలకల సందుల్లో కూరటానికి). గోగు నార మోకులు. గోగు అంటే మన గోంగూరే. ఆకు పచ్చడికి, నార తాడుకి. ఇక్కడివాళ్ళు దాన్నే అంబాడి అంటారు. ఆ పద్దు చూసి మా ఆవిడ, "అయితే మీవాళ్ళు పచ్చడి తిని మిగిలింది పడవకు కట్టారన్నమాట" అని నవ్వింది.

నావను ఎక్కడ కట్టాలి అన్నది చిన్న విషయం కాదు. మరీనా లేని చోట నది గుణం తెలిసి కట్టుకోవాలి. వంక తిరిగే చోట బయటివైపు ఒడ్డును నీళ్ళు కోస్తాయి, లోపలివైపు ఇసుక మేట వేస్తుంది. బయట కడితే ఒడ్డుతో పాటు గుంజ కూడా పోతుంది. లోపల కడితే కార్తీకం దాటేసరికి నావ ఇసుకలో కూర్చుంటుంది. మా వైపు నల్లరాయి అక్కడక్కడ నదిలోకి పొడుచుకొచ్చి ఉంటుంది. ఆ రాతికి దిగువన నీళ్ళు నెమ్మదిగా ఉంటాయి, సుడి లేకుండా. అదే మంచి చోటు. మా నావాడి అట్లాంటిదే చూసి పెట్టాడు, రేవుకు కొంచెం ఎగువన. ఒడ్డు మీద ఒక మర్రి. ముక్కు ఎగువకు పెట్టి, ముందు మోకు పొడుగ్గా మర్రికి, వెనక మోకు వదులుగా ఒక గుంజకు. మోకు బిగించి కట్టకూడదు. నీళ్ళు పెరిగితే నావ పైకి లేవాలి, దానికి తాడు ఉండాలి. బిగిస్తే ముక్కును కిందికి లాగి పట్టుకుంటుంది, నీళ్ళు లోపలికి ఎక్కుతాయి. మా అల్లుడికి ఇది రాసి పంపితే, వాడి కాలువలో నీళ్ళు అంతగా పెరగవట. లాకుల మధ్య నీళ్ళు కదా. పైగా అక్కడ ఒడ్డు ఎవరిదో వాళ్ళు కట్టుకోనిస్తే సరిపోతుంది, ఉప్పునీటి పోటు లేని నదుల్లో సగం దాకా అడుగు కూడా మామూలుగా ఒడ్డు ఆసామిదేనట.

మనకు అట్లా కాదు. హైదరాబాదు రాజ్యంలో 1317 ఫసలీ నాటి భూమి రెవెన్యూ చట్టం, 24వ సెక్షను. నదులు, వాటి అడుగు, దారులు అన్నీ సర్కారువి. ఇప్పుడు మహారాష్ట్రలో 1966 కోడ్‌లో 20వ సెక్షను అదే చెబుతుంది. మర్రి మీ పొలంలో ఉండొచ్చు, దాని వేరు తాకే నీళ్ళు మీవి కావు. మా ముత్తాతకు తగాదా వచ్చింది ఇక్కడే. గుత్తదారు తహశీల్దారు దగ్గరికి పోయాడు: గంగలో నావ నడిపే హక్కు నాది, డబ్బు కట్టింది నేను, కోమటి ఎట్లా కడతాడు? మాట మాట పెరిగింది. చివరికి కుదిరిన ఒప్పందం మా దస్తరంలో మడిచి పెట్టి ఉంది, ఉర్దూలో. సొంత మనుషులను, సొంత పంటను మాత్రం దాటించాలి. కిరాయి తీసుకోరాదు. రేవు మెట్లకు నావ ఆనించరాదు. చదివి చెప్పిన పెద్దమనిషి, "మీ ముత్తాత గెలిచిండా ఓడిండా?" అని అడిగాడు. ఏం చెప్పాలో తెలియలేదు. గుత్తదారుది కూడా న్యాయమైన మాటే అని నాకనిపిస్తుంది. వేలం పాడినవాడికి రేవే కదా ఆస్తి.

ఒప్పందం కుదిరినా కోపం పోలేదు. రెండుసార్లు రాత్రిపూట ఎవరో మోకు విప్పి నావను వదిలేశారు. ఒకసారి దిగువన దొరికింది, ఇంకోసారి ఇసుకలో ఇరుక్కుని. ఎవరు విప్పారో తెలియదు, అనుమానం మాత్రం ఒకరి మీదే. ఇదంతా మా తాత చెప్పేవాడు, అప్పటికి ఆయన పెళ్ళయిన కుర్రాడు. పోలీసు యాక్షనుకు కొన్నేళ్ళ ముందు మాట.

నావాడి భోయీ. వాళ్ళు తరతరాలుగా గంగ మీదే బతికినవాళ్ళు, చేపలు పట్టటం, నావ నడపటం. మా ఇంటి నుంచి ఏడాదికి రెండు పల్లాల జొన్నలు, పండుగకు బట్టలు, దాటినప్పుడల్లా కొంత పంట. ఇది కాక వేసవిలో నావను మడుగులో ముంచి ఉంచేవాడు. చాలామందికి ఇది విడ్డూరంగా ఉంటుంది. ఎండలో పెడితే టేకు కూడా ఎండి సందులు విచ్చుకుంటాయి. రాళ్ళు నింపి నీళ్ళలో ముంచితే చెక్క ఉబ్బి బిగుసుకుని ఉంటుంది. మృగశిర కార్తెకు తేల్చి, సందులు చూసి, గుగ్గిలం పెట్టి మళ్ళీ కట్టేవాడు. భాద్రపదంలో ఎగువన వానలు గట్టిగా పడుతున్నాయంటే పదిమంది చేత ఒడ్డు మీదికి లాగించేవాడు. ఎప్పుడు లాగాలో చెప్పేది ఆయనే. మా ముత్తాత అడ్డు చెప్పినట్టు ఎక్కడా లేదు.

ఆ ఏడు ముత్తాత మంచం మీద ఉన్నాడు. పెత్తనం మా తాతది. కౌఠా వైపు పెసలు, మినుములు కోసి కుప్పలు పెట్టారు. అవి తడిస్తే మొలకలొస్తాయి. నావాడి వచ్చి నావ లాగుదామన్నాడు. ఇంకో నాలుగు రోజులు ఆగు, మినుములు రానీ, అన్నారు మావాళ్ళు. ఇంతవరకు మా నాయనమ్మ కూడా చెప్పేది. ఆ తర్వాత ఆమె చెప్పే కథ ఇది: రాత్రి గంగ పొంగింది, నావాడి నిద్రపోయాడు, నావ పోయింది.

దస్తరంలో ఆ శ్రావణంలో ఒక పద్దు ఉంది. ఇనుప గొలుసు ఒకటి, తాళం ఒకటి, లోహారుకు ఇచ్చింది ఇంత. నావ ఖాతా కిందే. నేను ఆ పద్దు మీద చాలాసేపు కూర్చున్నా. రెండుసార్లు మోకు విప్పారు కదా, అందుకని మా తాత గొలుసు వేసి తాళం పెట్టించాడు. నావ ముక్కు నుంచి మర్రి మొదలు దాకా. తాళంచెవి ఎక్కడ ఉంటుంది? మా ఇంట్లో.

అయితే వరద రాత్రి నావాడి ఏం చేయగలడు? మోకైతే వదులు చేస్తాడు, లేదా కొడవలితో కోస్తాడు. గొలుసును ఏం చేస్తాడు?

భోయీల ఇళ్ళు ఉన్న గల్లీకి పోయినా. చాలామంది ఇప్పుడు వేరే పనుల్లో ఉన్నారు. ఒక ముసలాయన, ఎనభై దాటి ఉంటాయి, మా ఇంటిపేరు చెప్పగానే తలెత్తి చూశాడు. నావ పేరెత్తకముందే ఆయనే అన్నాడు, మరాఠీలో: "తాళం మీది, నింద మాది." ఆయన తండ్రే మా నావాడి. ఆ రాత్రి నీళ్ళు మర్రి మొదలుకు వచ్చినప్పుడు పరుగెత్తుకుంటూ మా ఇంటికి వచ్చాడట. తలుపు కొడితే ఎవరో లేచి, పెద్దాయన నిద్రపోతున్నాడు పొద్దున రా అన్నారట. రెండోసారి కొడితే తాళంచెవి దొరికింది. ఆయన వెనక్కి పోయేసరికి గొలుసు ముక్కును నీళ్ళలోకి లాగి పట్టుకుంది, నావ వెనక భాగం లేచి నిలబడి, మర్రి దగ్గరే చెక్కలుగా విరిగింది. "మా నాయన ఆ తాళంచెవి తిరిగి ఇయ్యనీకి వచ్చిండు పొద్దున. తీసుకున్నరు. జొన్నలు మాత్రం బంద్ చేసిన్రు."

ఇంటికి వచ్చి మళ్ళీ దస్తరం చూసినా. ఆయన చెప్పింది రాసినట్టే ఉంది. భాద్రపదంలో నావ ఖాతా బంద్. నావాడి జొన్నల పద్దు కూడా అదే రోజు, అదే సిరాతో గీత కొట్టి ఉంది. ఆ తర్వాత ఆ పేరు మళ్ళీ ఎక్కడా లేదు. పోయిన నావ విలువ రాశారు, గొలుసు ధర రాశారు, మనిషికి బాకీ అని ఏమీ రాయలేదు. మా తాత మంచివాడు, ఆయన చేతి అన్నం తిని పెరిగినవాణ్ణి. కానీ ఇది ఆయన చేసిన పనే. మాకు చెప్పిన కథ కూడా ఆయన చెప్పిందే అయి ఉండాలి, నాయనమ్మ నమ్మి చెప్పింది.

మా పెద్దబాపు కొడుకుతో ఈ మాట అంటే, "ఇప్పుడెందుకు తవ్వుతున్నవ్ ఇదంతా" అన్నాడు. ఆయన కోపం నాకు అర్థమవుతుంది. కానీ ఈ పేజీల్లో మన పెద్దల గొప్పలు ఎన్ని రాసుకోలేదు? ఇది కూడా ఉండాలి.

ఇప్పుడు ఆ చోటు చూద్దామని పోయినా. మర్రి లేదు. గురుతాగద్దీ మూడు వందల ఏళ్ళ పండుగకు, 2008లో, ఒడ్డు పొడుగునా రాతి మెట్లు, గోడలు వచ్చాయి. స్నానాలకు బాగున్నాయి, నావ కట్టటానికి కొక్కెం లేదు. గంగ కూడా ఆ గంగ కాదు. పైఠణ్ దగ్గర జాయక్‌వాడి 1976 నుంచి ఉంది. ఊరికి ఎగువన విష్ణుపురి బ్యారేజి. మా ముత్తాత కాలంలో వాన పడితే వరద, ఇప్పుడు గేట్లు ఎత్తితే వరద. 2006 ఆగస్టులో ఊళ్ళోకి నీళ్ళు వచ్చినప్పుడు జనం నది వైపు కాదు, ఫోన్ల వైపు చూశారు, పైన ఎంత వదిలారని. దిగువన ధర్మాబాద్ దగ్గర బాభళీ. 2013 ఫిబ్రవరి 28న సుప్రీం కోర్టు తీర్పు ప్రకారం జూలై 1 నుంచి అక్టోబరు 28 దాకా దాని గేట్లు ఎత్తి ఉంచాలి. ఆ గొడవ నడిచినన్నాళ్ళు నిజామాబాద్ చుట్టాలు ఫోన్ చేసి, "మా నీళ్ళు మీరు ఆపుకుంటున్నరట?" అని నవ్వుతూనే అడిగేవాళ్ళు. నవ్వుతూనే జవాబు చెప్పేవాళ్ళం. ఒకప్పుడు అక్కడి జాలర్లు మృగశిర, ఆర్ద్ర చూసుకుని పడవలు తీసేవాళ్ళు. ఇప్పుడు కోర్టు తేదీ కూడా చూసుకోవాలి.

సొంత పడవ కట్టుకోవాలనే పిచ్చి నాకు లేదు. ఎవరికైనా ఉంటే చెబుతున్నా, కాగితం మీద నాందేడ్ గంగ కూడా జాతీయ జలమార్గమే. గోదావరిలో ఆ పేరు మొదట భద్రాచలం నుంచి రాజమండ్రి దాకానే ఉండేది, 2016 చట్టంతో ఎగువన నాసిక్ దాకా పెరిగింది. 1917 నాటి పాత చట్టం పోయి 2021లో కొత్త ఇన్లాండ్ వెసెల్స్ చట్టం వచ్చింది. మోటారు ఉంటే రిజిస్ట్రేషను చేయించాలి. మోటారు లేని తెడ్డు పడవలను కూడా లెక్కలోకి తీసుకునే ఏర్పాటు అందులో ఉంది. కట్టుకునే చోటు మాత్రం ఎప్పటిలాగే సర్కారుదే.

ఆ ముసలాయన దగ్గరికి మళ్ళీ పోయినా, దస్తరం పట్టుకుని. గీత కొట్టిన పద్దు చూపించినా. ఆయనకు తెలుగు చదవను రాదు. తండ్రి పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించమన్నాడు, చూపించినా. ఆ పేజీ ఫోటో తీయించి ఇచ్చాం. వాళ్ళ మనవరాలు ఇంజనీరింగు చదువుతోంది. అక్షరాలు ఇంత గుండ్రంగా ఉన్నాయేంటి అని అడిగింది.

మా ఇంట్లో దేవుడి అర కింద పాత తాళంచెవుల డబ్బా ఒకటి ఉంది, తాళాలు లేని తాళంచెవులు. అందులో లావుపాటిది, తుప్పు పట్టింది ఒకటుంది. ఇదే అని చెప్పలేను, లోహారు పని అని మాత్రం తెలుస్తుంది. ధర్మాబాద్, బిలోలి, కందకుర్తి, బాసర వైపు మనవాళ్ళ దస్తరాల్లో నావ ఖాతా ఉంటే రాయండి. మోకు, గుగ్గిలం, టేకు, నావాడి అనే మాటలు వెతకండి. జొన్నల పద్దులు కూడా చూడండి.